రీస్టార్ట్ నొక్కే ముందు...



ఆన్‌లైన్ టెస్ట్ సగంలో ఉండగా కంప్యూటర్‌లో నెట్ ఆగిపోతుంది. మొబైల్ డేటా ఆపేసి, ఫోన్‌ను ఇంటి వైఫైకి కలిపి చూడండి. ఫోన్‌లో నెట్ వస్తుంటే తప్పు రూటర్‌ది కాదు, చాలావరకు కంప్యూటర్‌లోని వైఫై కార్డు మొరాయించినట్టే. చాలామంది వెంటనే రీస్టార్ట్ చేసేస్తారు. సేవ్ చేయని ప్రాజెక్టు, తెరిచి ఉన్న టెస్ట్ పేజీ రెండూ పోతాయి. అంత అవసరం లేదు. ఆ ఒక్క కార్డునే ఆపి మళ్లీ నడిపించవచ్చు.

విండోస్ గుర్తు ఉన్న కీతో పాటు ఎక్స్ నొక్కండి. వచ్చిన మెనూలో డివైస్ మేనేజర్, అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్ తెరవండి. వైఫై లేదా వైర్‌లెస్ అని ఉన్న పేరుపై రైట్ క్లిక్ చేసి ‘డిజేబుల్ డివైస్’ అనండి. పది సెకన్లు ఆగి, అక్కడే ‘ఎనేబుల్ డివైస్’ నొక్కండి. కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ను డ్రైవర్ అంటారు. ఇలా చేసినప్పుడు విండోస్ ఆ డ్రైవర్‌ను ఆపి, కార్డును మొదటినుంచి సిద్ధం చేస్తుంది. మిగతా ప్రోగ్రాములు అలాగే తెరిచి ఉంటాయి. దీనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా కావాలి. అది పిల్లల దగ్గర కాక మీ దగ్గరే ఉండటం మంచిది.

అప్పటికీ పలకకపోతే ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’ చేసి, పైన యాక్షన్ మెనూలో ‘స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ ఛేంజెస్’ నొక్కాలి. డ్రైవర్‌ను కూడా తొలగించాలా అని అడిగే గడిలో మాత్రం టిక్ పెట్టకండి. నెట్ లేనప్పుడు దాన్ని మళ్లీ తెచ్చుకోవడం పెద్ద తలనొప్పి!

వెబ్‌క్యామ్‌కు, సౌండ్ కార్డుకూ డిజేబుల్, ఎనేబుల్ పద్ధతే. స్క్రీన్ నల్లబడితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి కీలు నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది. మౌస్‌ను, కీబోర్డును మాత్రం డిజేబుల్ చేయకండి, మళ్లీ ఎనేబుల్ చేయడానికి చేతిలో ఏమీ ఉండదు. డెస్క్‌టాప్ నడుస్తుండగా లోపలి కార్డును పీకి పెట్టడం అసలే వద్దు.

టెస్ట్ సమయం గడిచిపోతుంటే ఇవన్నీ పక్కన పెట్టండి. ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే వైఫై కార్డుతో పని లేకుండానే నెట్ వస్తుంది. టెస్ట్ అయ్యాక, అన్నీ సేవ్ చేసుకుని, షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్‌తో కంప్యూటర్ పూర్తిగా ఆగదు.