పూసల దండ, పోపు లేఖ, రెండో కాన్పు

గుంటూరులో క్రైస్తవుల మధ్య తేడాలేమిటని అడిగితే బాప్తిస్మం దగ్గర మొదలుపెడతారు. ముంచాలా, చిలకరించాలా? ఆ తర్వాత మరియమ్మ, ఆ తర్వాత జపమాల. పిల్లల్ని ఎందరిని కనాలి, కాన్పులు ఎలా ఆపాలి అన్న తగువు మాత్రం నలుగురిలో ఎవరూ ఎత్తరు. ఆర్.సి.ఎం. వాళ్లకూ (అంటే రోమన్ కేథలిక్కులకూ) మిగతా సంఘాలకూ మధ్య అదీ పాతదే. అందులోంచి ఏరిన విశేషాలు ఇవి.

తగువు పుట్టిన ఏడు

1930కి ముందు ఈ విషయంలో చర్చిలన్నిటిదీ ఒకే మాట: తప్పు. ఆదికాండం 38వ అధ్యాయంలో ఓనాను కథ ఉంది కదా, దాన్ని చూపించి గర్భనిరోధాన్ని కడిగేసినవాళ్లలో మార్టిన్ లూథర్ కూడా ఒకడు. అమెరికాలో 1873లో గర్భనిరోధక సాధనాలను, వాటి గురించిన కాగితాలను పోస్టులో పంపడం నేరం చేయించిన ఆంథోనీ కామ్‌స్టాక్ కేథలిక్కు కాదు, ప్రొటెస్టెంటు. ఆంగ్లికన్ బిషప్పుల లాంబెత్ సభ 1908లోనూ 1920లోనూ వద్దనే అంది. 1930 ఆగస్టులో అదే సభ, తగిన కారణం ఉంటే దంపతులు దూరంగా ఉండడమే కాక ఇతర మార్గాలు కూడా వాడుకోవచ్చని తలుపు కాస్త తెరిచింది. ఆ ఏడు డిసెంబరు 31న పదకొండో పయస్ పోపు విశ్వలేఖ రాసి తన తలుపు గట్టిగా వేశారు. చర్చిలు రెండు దారులు పట్టింది అప్పుడే.

ఒకే ఊళ్లో ఇద్దరు డాక్టరమ్మలు

1930లోనే గుంటూరులో ఆన్నా కుగ్లర్ కన్నుమూశారు. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున 1883లో వచ్చిన డాక్టరు ఆమె. వైద్యం చేస్తానంటే మిషన్ పెద్దలు వెంటనే ఒప్పుకోలేదు. మొదట ఇళ్లలో ఆడవాళ్లకు చదువు చెప్పే పని మీద పంపారు. 1898లో ఆమె తెరిచిన ఆడవాళ్ల ఆసుపత్రినే ఇప్పటికీ గుంటూరు జనం కుగ్లర్ ఆసుపత్రి అంటారు.

ఆమె ఇంకా ఉండగానే, 1920లో, ఆస్ట్రేలియా నుంచి మరో డాక్టరమ్మ దిగింది. పేరు మేరీ గ్లౌరీ. విక్టోరియా రాష్ట్రంలో బిర్రెగర్రా అనే ఊళ్లో 1887లో పుట్టి, 1919లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఎం.డి. పూర్తి చేసింది. వచ్చి జె.ఎం.జె. (యేసు, మరియ, యోసేపు) మఠంలో చేరి సిస్టర్ అయింది. అక్కడొక చిక్కు. అప్పటి చర్చి చట్టం ప్రకారం మఠంలో చేరినవాళ్లు వైద్యం చేయకూడదు. పదిహేనో బెనెడిక్ట్ పోపు ప్రత్యేకంగా అనుమతిస్తేనే ఆమె స్టెతస్కోపు మళ్లీ మెడలో వేసుకోగలిగింది. మఠవాసులు కాన్పులు చేయవచ్చని రోమ్ అందరికీ కలిపి ఒప్పుకున్నది 1936లో. గర్భం ఎలా ఆపాలన్న గొడవ సరే, బిడ్డ బయటికి రావడానికి సిస్టరమ్మ చేయి వేయవచ్చా అన్నది కూడా ఒకప్పుడు తేలని ప్రశ్నే. ఆ నిషేధం కింద కాన్పు కష్టమై పోయిన తల్లులెందరో లెక్క కట్టినవాళ్లు లేరు.

గ్లౌరీ ముప్పై ఏళ్లకు పైగా ఈ ప్రాంతంలోనే పనిచేసి, స్థానిక అమ్మాయిలకు నర్సు పనీ మంత్రసాని పనీ కాంపౌండరు పనీ నేర్పించి, 1957లో బెంగుళూరులో చనిపోయింది. 2013లో చర్చి ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. పునీతురాలని పిలిపించుకునే దారిలో అది మొదటి మెట్టు.

జూలై 29

దేశంలో కేథలిక్ ఆసుపత్రుల సంఘం ఏర్పడింది 1943 జూలై 29న. నడిపించింది గ్లౌరీ, వెంట ఉన్నది పదహారు మంది సిస్టర్లు. సరిగ్గా పాతికేళ్లకు, 1968 జూలై 29న, గర్భనిరోధం కూడదన్న ఆరో పాల్ పోపు విశ్వలేఖ ‘హ్యూమానే వీటే’ రోమ్‌లో విడుదలైంది. తేదీ కలవడం కాకతాళీయమే. కానీ ఆ లేఖను రోజువారీ పనిలో పాటించాల్సి వచ్చింది మాత్రం ఆ సంఘంలోని ఆసుపత్రులే.

ఆ లేఖ వెనక ఇంకో కథ ఉంది. ఈ విషయం తేల్చమని రోమ్ వేసిన కమిటీలో బిషప్పులు, డాక్టర్లతో పాటు పెళ్లయిన దంపతులు కూడా ఉన్నారు. బొంబాయి కార్డినల్ వలేరియన్ గ్రేసియస్ సభ్యుడు. అందులో ఎక్కువమంది మార్పు కావాలన్నారు. పోపు అల్పసంఖ్యాకుల మాట విన్నారు.

నిరోధ్ కూడా 1968లోనే

మన ప్రభుత్వం నిరోధ్‌ను దుకాణాల్లోకి తెచ్చింది అదే ఏడాది. మూడు కలిపి పదిహేను పైసలు. పల్లె కిరాణా కొట్టుదాకా చేర్చే బాధ్యత బ్రూక్‌బాండ్, లిప్టన్ లాంటి టీ కంపెనీలకు అప్పగించారు. టీపొడి వెళ్లే ప్రతి ఊరికీ నిరోధ్ వెళ్లాలని లెక్క. గోడల మీద ఎర్ర త్రికోణం, దాని పక్కన ‘ఇద్దరు ముద్దు, ఆపై వద్దు’. ఆదివారం పూజకు వెళ్లే దారిలో ఆ గోడ, గుడి లోపల ఆ లేఖ.

పోపు ఒప్పుకున్న పద్ధతి

కేథలిక్కులు అసలు కుటుంబ నియంత్రణే వద్దంటారని బయటివాళ్లు అనుకుంటారు. కాదు. తగిన కారణం ఉంటే బిడ్డకూ బిడ్డకూ ఎడం పెట్టవచ్చు. గర్భం నిలిచే రోజుల్లో దంపతులు దూరంగా ఉండాలి, అంతే. పన్నెండో పయస్ పోపు 1951లో మంత్రసానుల సభలో ఆ మాట బహిరంగంగా చెప్పారు.

ప్రొటెస్టెంట్లు ఇక్కడే పట్టుకుంటారు. ఉద్దేశం గర్భం రాకుండా చూసుకోవడమే అయినప్పుడు క్యాలెండరు చూసుకున్నా ఒకటే, మాత్ర మింగినా ఒకటే కదా? పైగా పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో భార్యాభర్తలు ఇద్దరూ ఒప్పుకుని, ప్రార్థన కోసం, కొద్దికాలం మాత్రమే ఎడంగా ఉండమన్నాడు. నెలకు పదేసి రోజులు లెక్కలు వేసుకుని ఉండమనలేదే? కేథలిక్కుల జవాబు: చేసిన పనిని చెడగొట్టడం వేరు, చేయకుండా ఉండడం వేరు. రెండు పక్షాలూ చూపించేది ఒకే వచనం. ఈ వాదనలో తర్కం వరకు ప్రొటెస్టెంట్లదే పైచేయి అని నాకనిపిస్తుంది. బతుకులో మాత్రం కేథలిక్ పద్ధతికి ఒక గట్టి బలం ఉంది. దాని సంగతికి తర్వాత వస్తాను.

మెల్‌బోర్న్ చుట్టరికం

ఈ సహజ పద్ధతుల్లో ప్రపంచమంతా పేరుపడ్డది బిల్లింగ్స్ పద్ధతి. జాన్ బిల్లింగ్స్ 1953లో మెల్‌బోర్న్ సెయింట్ విన్సెంట్ ఆసుపత్రిలో నరాల డాక్టరుగా ఉంటూ దీని మీద పని మొదలుపెట్టాడు. భార్య ఎవెలిన్ కూడా డాక్టరే, తర్వాత తోడైంది. థర్మామీటరూ క్యాలెండరూ లేకుండా, తెల్లబట్ట ఏ రోజు ఎలా ఉందో చూసుకుంటే చాలని వాళ్లు తేల్చారు. గుడ్డు తెల్లసొనలా సాగితే గర్భం నిలిచే రోజులు వచ్చాయన్నమాట. గుంటూరు సిస్టర్ గ్లౌరీ మన దేశానికి రాకముందు డాక్టరుగా పనిచేసిన చోట్లలో ఆ సెయింట్ విన్సెంట్ కూడా ఒకటి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1970లలో ఈ పద్ధతిని అయిదు ఊళ్లలో పరీక్షించింది: ఆక్లండ్, డబ్లిన్, మనీలా, ఎల్ సాల్వడార్‌లోని శాన్ మిగెల్, మన బెంగుళూరు. మొదటి నెలలోనే నూటికి 93 మంది ఆడవాళ్లు గుర్తు పట్టగలిగారు. చదువు రానివాళ్లూ పట్టారు. అయితే ఏడాది లెక్క చూస్తే నూటికి సుమారు 22 గర్భాలు. పద్ధతి తప్పినందువల్ల వచ్చినవి అందులో మూడు కూడా లేవు. చాలా మటుకు ఎలా వచ్చాయంటే, ఈ రోజు వద్దని తెలిసీ ఆగనందువల్ల.

ఆగనిది ఎవరో పరీక్ష పత్రం రాయలేదు. ఊళ్లో ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది.

షోలే ఊళ్లో పూసలు

స్వతంత్ర భారతానికి మొదటి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్. క్రైస్తవ కుటుంబంలో పెరిగింది, గాంధీకి కార్యదర్శిగా పనిచేసింది. గాంధీకి గర్భనిరోధక సాధనాలంటే గిట్టదు. 1935 డిసెంబరులో గర్భనిరోధం కోసం ఉద్యమించిన అమెరికన్ మార్గరెట్ సాంగర్ వార్ధా దాకా వచ్చి వాదించినా కదల్లేదు. ఆ శిష్యురాలు మంత్రి అయ్యాక, ‘సురక్షిత దినాల’ పద్ధతి ఒక్కటే పరీక్షించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా అబ్రహాం స్టోన్ అనే అమెరికన్ డాక్టరును పిలిపించింది. ఢిల్లీలో లోదీ కాలనీ, మైసూరు రాష్ట్రంలో రామనగరం పరీక్షా స్థలాలు. తర్వాత షోలే సినిమా తీసింది ఆ రామనగరం కొండల్లోనే. ఆడవాళ్లకు పూసల దండలు ఇచ్చారు. రోజుకొక పూస జరపాలి. ఆకుపచ్చ పూస అయితే పరవాలేదు, ఎర్రది అయితే ఆగాలి. దండ ఉంటే చాలు గర్భం రాదని, పూస జరిపితే మహిమ ఉంటుందని అనుకున్నవాళ్లున్నారని కథలు చెప్పుకున్నారు. ఫలితాలు చప్పగా ముగిశాయి.

అదే ఆలోచన యాభై ఏళ్లకు ‘మాలా చక్ర’ పేరుతో మళ్లీ మన దేశానికి వచ్చింది. ఈసారి తయారుచేసింది వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం, జెస్యూట్ గురువులది.

లూథరన్లు ఎప్పుడు మారారు?

గుంటూరు మిషన్‌ను పోషించిన అమెరికా యునైటెడ్ లూథరన్ చర్చి 1956లో తేల్చి చెప్పింది: శరీరం సహించినంతకాలం కంటూ పోవడమూ తప్పే, స్వార్థంతో పిల్లల్ని వద్దనుకోవడమూ తప్పే. మధ్యలో ఎంతన్నది దంపతుల బాధ్యత. నాకు ఇది ఆ శతాబ్దంలో చర్చిలు ఈ విషయం మీద చెప్పిన మాటల్లో పెద్దమనిషి మాట.

ఒంగోలు వైపు బాప్టిస్టులకు తీర్పు చెప్పే పోపూ లేడు, బిషప్పూ లేడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంఘం అది. ఏ సంఘానికి ఆ సంఘమే పెద్ద కాబట్టి ఈ విషయం పాస్టరు గారి ప్రసంగం మీదా, పాస్టరమ్మ చాటుగా చెప్పే సలహా మీదా నడుస్తుంది.

ఆషాఢం, శ్రమ దినాలు

దంపతులు విడిగా ఉండడం మనకు పోపు నేర్పాలా? ఆషాఢంలో కొత్త పెళ్లికూతురు పుట్టింటికి వెళ్లిపోవాలి. అప్పుడు కడుపు పండితే నడివేసవి ముంగిట కాన్పు వస్తుందని పెద్దల లెక్క. యూరప్‌లో మధ్యయుగాల చర్చి ఈస్టరుకు ముందు నలభై రోజులూ భార్యాభర్తలను దూరంగా ఉండమనేది. మన దగ్గర ఆ నలభై రోజులు మిరప కోతల మీద పడతాయి. కర్నూలు వైపు నుంచి పిల్లాపాపలతో వచ్చి చేల గట్ల మీద గుడారాలు వేసుకునే కూలీలకు గదీ లేదు, తలుపూ లేదు. తెల్లారకముందే చేలో ఉండాల్సిన మనిషిని, లేవగానే థర్మామీటరు పెట్టుకుని ఒంటి వేడిని చార్టులో రాసుకునే సహజ పద్ధతి పాటించమంటే ఎలా?

మాత్రను నిలబెట్టినవాడు

గర్భనిరోధక మాత్రను పరీక్షించి నిలబెట్టిన డాక్టర్లలో జాన్ రాక్ రోజూ పూజకు వెళ్లే కేథలిక్కు. మాత్ర ప్రకృతి చేసే పనే చేస్తుంది కాబట్టి చర్చి ఒప్పుకుంటుందని నమ్మి 1963లో పుస్తకమే రాశాడు. ఒప్పుకోలేదు. అయితే ఒక సంగతి చాలామందికి తెలియదు. నెలసరి బాధలకో మరో జబ్బుకో డాక్టరు అదే మాత్ర రాస్తే కేథలిక్ మహిళ నిశ్చింతగా వాడవచ్చు. 1968 లేఖలోనే ఆ మినహాయింపు ఉంది.

అందరూ ఒప్పుకునేది ఒకటి

తల్లిపాలు. బిడ్డకు ఆరు నెలలు నిండక, పాలు తప్ప వేరే ఏమీ పట్టక, నెలసరి తిరిగి రాకపోతే గర్భం రాకుండా 98 శాతం రక్షణ ఉంటుందని 1988లో ఇటలీలోని బెల్లాజియోలో నిపుణులు తేల్చారు. మూడింట్లో ఒకటి తప్పినా ఆ నమ్మకం వదులుకోవాలి. పాలిచ్చినంతకాలం నిలవదు అనుకుని నెల తప్పినవాళ్లు మన ఊళ్లలో కొల్లలు.

లెక్కల్లో లేని క్రైస్తవులు

జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1971లో 4.19 శాతం, 2011లో 1.34 శాతం. సంఘాలు తగ్గాయా? ఏ పల్లెకు వెళ్లినా కొత్త మందిరం కనిపిస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు కనుక చాలామంది కాగితాల మీద హిందువులే. అందుకని ఏ మతంలో ఎవరు ఏ పద్ధతి వాడుతున్నారన్న పట్టికలను మన జిల్లాల్లో కాస్త అనుమానంతోనే చదవాలి.

ఇక రెండో కాన్పు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో సుమారు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నారు. దేశం మొత్తం మీద అది 38 శాతం లోపు. పేపర్లలో ‘కు.ని. ఆపరేషన్లు’ అని రాసేవి ఇవే. ఇంత పెద్ద అంకెలో ఏ సంఘమూ విడిగా నిలబడి ఉండదు. కేథలిక్ ఆసుపత్రుల నియమం ఈ ఆపరేషన్‌కు ఒప్పుకోదు. కావాలనుకున్నవాళ్లు రెండో కాన్పు వేరే చోట పెట్టుకుంటారు, సిజేరియన్‌తో పాటే పని అయిపోతుంది. ఆదివారం మళ్లీ పూజకు వస్తారు. విచారణ గురువు అడగరు, వీళ్లు చెప్పరు.

ప్రభుత్వం కూడా మాట మార్చింది. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 చట్టంలోని నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. నిన్నటిదాకా ఆపమన్న సర్కారే ఇప్పుడు కనమంటోంది. లేఖ మార్చనిది పోపు ఒక్కరే.

కేథలిక్ పద్ధతికి ఒక బలం ఉందన్నాను కదా. మాత్ర, కాపర్-టి, సూది, ఆపరేషన్, అన్నీ ఆడమనిషి ఒంటి మీదే. మొగుడికి తెలియకపోయినా నడిచిపోతాయి. సహజ పద్ధతి మాత్రం అతను కూడా ఆగితే తప్ప నడవదు. ఆ వేదాంతం నాకు పట్టకపోయినా ఆ షరతు పట్టింది. అదే సర్వేలో వేసెక్టమీ చేయించుకున్న మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. మత్తుసూది పెట్టి అరగంటలోపే ముగించే ఆపరేషన్ అది. పెళ్లికి ముందు జంటలకు తర్ఫీదు ఇచ్చే గురువులకూ పాస్టర్లకూ ఒక్క మనవి: ఈసారి ఈ పాఠం పెళ్లికొడుకును కూర్చోబెట్టి చెప్పండి.