పాత కారు ఆసనములోని రబ్బరు ఏల చెడును?

చిన్నారులారా, ఇంట పొట్లములకు చుట్టిన రబ్బరుపట్టీ కొన్నాళ్లకు జిగటయై, లేక పెళుసై, ముట్టినంతనే తెగిపోవుట మీరెఱుగుదురు గదా! 1948లో పారిస్ ప్రదర్శనమున ప్రజలు చూచిన సిట్రోయెన్ 2సీవీ అను ఫ్రెంచి కారులో ఆసనములు, మన నులకమంచమువలెనే, ఇనుపగొట్టముల చట్రమునకు కొక్కెములతో తగిలించిన రబ్బరుపట్టీలపై నిలిచెడివి. ఎంత హాయి గొలుపు ఏర్పాటో! కాని ఆ పట్టీలకును అదే గతి పట్టినది.

ఏలయనగా, రబ్బరనునది ఉడికిన సేమియావలె పెనవేసికొన్న అతిదీర్ఘమైన అణుశృంఖలముల ముద్ద. లాగినపుడవి సాగి, విడిచినపుడు మరల ముడుచుకొనును. గాలిలోని ప్రాణవాయువు, ఎండ, వేడిమి చేరి ఆ పోగులను కొన్నిచోట్ల త్రెంచును, కొన్నిచోట్ల ఒకదానికొకటి అతికించి బిగించును: త్రెగినచో జిగట, బిగిసినచో పెళుసు. అట్లు చెడినదానిని తిరిగి మునుపటివలె చేయు ఉపాయము లేదు గనుక, పాతవాటినన్నిటిని ఊడదీసి, చట్రమునకు పట్టిన తుప్పు గీకి, క్రొత్తపట్టీలను తగిలించుటయే మరమ్మతు. తెగినదానిని మాత్రమే మార్చితిరా, సాగిపోయిన పాతపట్టీల నడుమ క్రొత్తది బిగువుగా నిలిచి, ఆసనము ఎగుడుదిగుడగును.