పులిమేకకు ఆరు బైట్లు

జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌కి ఆట రాసేవాడు ముందు కాగితం మీద కూడికలూ తీసివేతలూ చేయాలి. బొమ్మలు, పాటలు, కథ అన్నీ ఆ తర్వాతే.

1982లో ఇంగ్లండ్‌లో సింక్లెయిర్ కంపెనీ తెచ్చిన ఇంటి కంప్యూటర్ ఇది. 16 కేబీ మెమరీ ఉన్నది 125 పౌండ్లు, 48 కేబీది 175. టీవీకి తగిలించుకుని, టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ పెట్టి, కీచుమనే ఆ రొద వింటూ ఆట ఎక్కేదాకా నిమిషాల తరబడి కూర్చోవాలి. పొద్దున్నే మన ఫోన్లలో వచ్చిపడే గుడ్‌మార్నింగ్ బొమ్మ ఒక్కటి చాలు, ఆ 48 కేబీ నిండిపోవడానికి. అయినా దానికి ఇప్పటికీ కొత్త ఆటలు రాస్తున్నారు. బ్రిటన్‌లో, స్పెయిన్‌లో, రష్యాలో, బ్రెజిల్‌లో ఉన్నారు ఆ మనుషులు. కొందరు తమ ఆటల్ని ముచ్చటపడి క్యాసెట్ల మీదే అమ్ముతున్నారు. నేనూ ఆ జట్టులోవాణ్ణే, కాకపోతే వెనకబెంచీ.

పాలిటెక్నిక్‌లో ఏళ్ల తరబడి 8085 ప్రాసెసర్ పాఠం చెప్పినవాణ్ణి. స్పెక్ట్రమ్ లోపల ఉన్నది జెడ్80. రెండూ ఇంటెల్ 8080 వంశమే. ల్యాబ్‌లో కిట్ మీద పిల్లలు కొట్టే 3ఈ, 76 ఇక్కడా అదే పని చేస్తాయి: మొదటిది ఎక్యుములేటర్‌లో అంకె పెట్టమనడం, రెండోది ఆగమనడం. ఎనభైల చివర్లో డెసిబెల్స్ అనే సంస్థ ఈ యంత్రాన్ని ‘డీబీ స్పెక్ట్రమ్’ పేరుతో మన దేశంలోనూ అమ్మింది గానీ నా దాకా రాలేదు. రిటైరయ్యాక ల్యాప్‌టాప్‌లో ఆ యంత్రంలా నడిచే ఎమ్యులేటర్ పెట్టుకుని మొదలుపెట్టాను.

ఇక లెక్క. తెర మీద అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలు. చుక్కకో బిట్ చొప్పున 6,144 బైట్లు. రంగులకి ఇంకో 768. అంటే అసలు ఆట మొదలుకాకముందే తెర 6,912 బైట్లు మింగేసింది. అంత మింగినా, ఎనిమిది చుక్కల చదరపు గడిలో రెండు రంగులకి మించి పట్టవు. ఎర్ర చొక్కా మనిషి పచ్చ చెట్టు ముందు నుంచి నడిస్తే చెట్టు కూడా ఎర్రబారుతుంది.

టైమూ తక్కువే. టీవీ సెకనుకి యాభైసార్లు బొమ్మ గీస్తుంది. బొమ్మకీ బొమ్మకీ మధ్య ప్రాసెసర్‌కి దొరికేది దాదాపు 70 వేల క్లాక్ టిక్కులు. చుక్కల భాగం మొత్తాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మామూలు పద్ధతిలో కాపీ చేస్తే బైటుకి 21 చొప్పున లక్షా ఇరవైతొమ్మిది వేలు ఖర్చవుతాయి. అందుకే చాలామంది తెరంతా మళ్లీ గీయరు, కదిలినదాన్నే చెరిపి, దాన్నే గీస్తారు.

మెమరీ సంగతికి నేను అందరికీ చూపించే ఉదాహరణ మాథ్యూ స్మిత్. టీనేజీ కుర్రాడిగా 1983లో ‘మానిక్ మైనర్’ రాశాడు. అందులో ఇరవై గుహలు. గుహ అంటే 32 గళ్ల వెడల్పు, 16 గళ్ల ఎత్తు. గడికో బైట్ చొప్పున 512, తక్కిన వివరాలతో కలిపి గుహకి 1,024 బైట్లు. ఇరవైతో ఆగక తప్పదు. మరుసటి ఏడు ‘జెట్ సెట్ విల్లీ’లో అరవై పైచిలుకు గదులు పెట్టాడు, అదే 48 కేబీలో. ఎలా? గడిలో ఉండేది నాలుగు రకాలే: ఖాళీ, నేల, గోడ, తాకితే చచ్చేది. నాలుగు రకాలకి రెండు బిట్లు చాలు. 512 గళ్లు 128 బైట్లలోకి దిగాయి. మెట్లూ, జరిగే పట్టాలూ గదికి ఒక్కొక్కటే కాబట్టి ఎక్కడ మొదలు, ఎంత పొడవు అని విడిగా రాసుకున్నాడు. గది మొత్తం 256 బైట్లు. పాతికేళ్లు పాఠం చెప్పినా బిట్ విలువ ఇంత బాగా చెప్పలేకపోయేవాణ్ణి.

నేను రాసింది పులిమేక. 16 కేబీ యంత్రంలో పట్టాలన్నది పంతం. తెరకీ సిస్టమ్‌కీ పోగా అందులో మిగిలేది సుమారు తొమ్మిది వేల బైట్లు.

అరుగు మీద సుద్దతో గీసే పటమే. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు కూడళ్లు. ఏ కూడలి నుంచైనా నాలుగు దారులకి మించి లేవు, కాబట్టి పక్కన ఏముందో చెప్పే పట్టిక 92 బైట్లు. పులి దూకితే ఎక్కడ పడుతుందో వేరే రాయక్కర్లేదు: పక్క కూడలికి అదే దిక్కున పక్క కూడలి. పటం పైకొస, కొండకొమ్ము, ఒక్కటే పేచీ. అక్కడి నాలుగు దారులూ కిందికే, కాబట్టి దానికి విడిగా లెక్క రాయాల్సి వచ్చింది. పటం బొమ్మగా దాచలేదు. పది గీతలు, గీతకి రెండు కొసలు, మొత్తం నలభై బైట్లు. గీత గీసే పని యంత్రం రామ్‌లో కాదు, రోమ్‌లో ముందే ఉంది, దాన్ని వాడుకున్నాను. పావు కదిలాక చెదిరిన గీతల్ని మళ్లీ గీయిస్తే సరి. ఎత్తుకి ఎత్తుకి మధ్య మనిషి గడ్డం గోక్కుంటాడు కదా, తొందరేముంది?

కూడలిలో పులా, మేకా, ఖాళీనా అన్నదానికి రెండు బిట్లు, మొత్తం 46 బిట్లు. ఆరు బైట్లలో పటమంతా వచ్చి, రెండు బిట్లు మిగిలాయి కూడా. ఒకదాంట్లో వంతు ఎవరిదో దాచాను. అలాగని ఆడుతున్నప్పుడు ఇలా కుక్కితే మాత్రం నష్టమే. విప్పి చదివే కోడ్‌కే అంతకన్నా ఎక్కువ బైట్లు పోతాయి. అందుకే నడుస్తున్న పటానికి హాయిగా కూడలికో బైట్ ఇచ్చాను. ఆరు బైట్ల రూపం చరిత్రకి. మేకలు అటూఇటూ ఊగుతూ కూర్చుంటే ఆట తెగదు, కాబట్టి గడిచిన నలభై స్థితులు గుర్తుపెట్టుకుని, మళ్లీ అదే వస్తే సరిసమానం అనాలి. అది 240 బైట్లలో అయిపోయింది. కుక్కకపోతే 920.

పులి విషయంలో రంగుల పరిమితి కలిసొచ్చింది. నారింజ రంగు ఈ యంత్రంలో లేదు. నల్లటి నేల మీద పసుపు పులి గీస్తే చారలు వాటంతటవే వచ్చాయి. తెలుగు అక్షరాలకి మాత్రం ఎనిమిది చుక్కల గడి చాలదు. తలకట్టు, గుడి, కింద వత్తు ఎక్కడ పెడతాం? అందుకని ఆటలో మాటలే తీసేశాను. పులి వంతైతే తెర అంచు పసుపు, మేక వంతైతే తెలుపు. అంచు రంగు మార్చడానికి నాలుగు బైట్లు. పేరు మాత్రం తెలుగులో పెద్దగా ఉంది, పైసా ఖర్చు లేకుండా. క్యాసెట్ ఎక్కుతున్నంతసేపూ కనిపించే బొమ్మ నేరుగా తెర మెమరీలోకే వస్తుంది, ఆట మొదలవగానే దాని మీదే పటం పడుతుంది.

ఇప్పటి పనిముట్లు పాతవాళ్లకి లేనివి. సీ భాషలో రాసి జెడ్80కి మార్చుకోవచ్చు. బ్రెజిల్‌కి చెందిన ఐనార్ సౌకాస్ తయారుచేసిన జెడ్‌ఎక్స్0తో బొమ్మల్ని కుదించుకోవచ్చు, విప్పే కోడ్ డెబ్భై బైట్లలోపే. బ్రిటన్‌లో జొనాథన్ కాల్డ్‌వెల్ చేసిన ఆర్కేడ్ గేమ్ డిజైనర్‌తో అసెంబ్లీ భాష రాకపోయినా ఆట కట్టొచ్చు. మంచివే. కాకపోతే ఈ డిజైనర్‌తో కట్టిన ఆటలు కొన్ని ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. బైట్లు లెక్కపెట్టే తలనొప్పి వేరేవాళ్లు పడితే, ఆ తలనొప్పిలోంచి పుట్టే ఉపాయమూ వాళ్లదే అవుతుంది.

నా ఆటలో పులి బాగానే ఆలోచిస్తుంది, మేకలే మొద్దు. మేకలకి ఎత్తులు ఎక్కువ. మూడు ఎత్తులు ముందుకి చూడమంటే తెర ముందు టీ తాగి రావచ్చు. పైగా 16 కేబీ యంత్రంలో ఉన్న రామంతా తెర గీసే చిప్‌తో పంచుకునేదే, అది చదువుతున్నప్పుడు ప్రాసెసర్ ఆగాలి. అందుకని మేకల్ని రెండు ఎత్తుల దగ్గర ఆపేశాను.

ఎన్ని మేకలు చస్తే పులి గెలిచినట్టు? మా ఇంట్లో ఐదు, మా ఆవిడ పుట్టింట్లో ఆరు. దానికో బైట్ కేటాయించి, ఆట మొదట్లో అంకె నొక్కి మార్చుకునేలా పెట్టాను. ఏమీ నొక్కకపోతే ఆరు.