స్మార్ట్ మీటరు లెక్క ఎంత నిజం?

బ్రిటన్ నిబంధనల ప్రకారం గృహవిద్యుత్ మీటరు అసలు వాడకంకన్నా 2.5 శాతానికి మించి ఎక్కువగాని, 3.5 శాతానికి మించి తక్కువగాని చూపకూడదు. అయితే నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ ప్రయోగశాలలో పరీక్షించిన తొమ్మిది ఎలక్ట్రానిక్ మీటర్లలో ఐదు బాగా ఎక్కువ చూపాయి; గరిష్ఠంగా 582 శాతం. రెండు తక్కువ చూపాయి.

డిమ్మరుతో వెలిగే ఎల్‌ఈడీ దీపాలు విద్యుత్తును నునుపైన తరంగంగా కాక, ఉన్నట్టుండి ఎగసే తునకలుగా తీసుకుంటాయి. రొగోవ్‌స్కీ తీగచుట్ట ఉన్న మీటరు ప్రవాహం మారే వేగాన్ని గ్రహించి, దాన్నుంచి ప్రవాహాన్ని లెక్కగడుతుంది. ఎక్కువ చూపినవి ఈ రకం మీటర్లే.

ఇది ప్రతి ఇంటి బిల్లూ తప్పని చెప్పే ప్రయోగం కాదు. ఎంచుకున్న దీపాలు, డిమ్మర్లు సృష్టించిన కఠిన పరిస్థితి. కాని ప్రమాణాల పరీక్షలో నెగ్గిన మీటరు ఆ పరీక్షలో లేని తరంగం ముందు తడబడవచ్చునని తేలింది. ప్రమాణాలు దీపాలతోపాటు మారాలి.