పక్కకు జారే కారుకు మార్కులెలా వేస్తారు?

స్పోర్ట్స్ డే నాడు 100 మీటర్ల పరుగులో పేచీ ఉండదు. ముందు గీత దాటినవాళ్లే ఫస్ట్. అసలు పేచీ గ్రూప్ డాన్స్ ఫలితం చెప్పాక మొదలవుతుంది: "వాళ్ల హౌస్‌కి ఎలా ఇచ్చారు?"

కార్ల పోటీల్లోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. అందరికంటే ముందు గీత దాటిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. డ్రిఫ్టింగ్ మాత్రం గ్రూప్ డాన్స్ జాతికి చెందినది. అందులో ఎవరు ముందు వచ్చారని చూడరు, ఎలా వచ్చారని చూస్తారు.

జగదల్‌పూర్ నుంచి రాయపూర్ వెళ్లేటప్పుడు కేశ్‌కాల్ ఘాట్ మలుపులు మీకు గుర్తుండే ఉంటాయి. అక్కడ బస్సు ముందు చక్రాలు ఎటు తిరిగితే బండి అటే పోతుంది. డ్రిఫ్టింగ్‌లో డ్రైవరు కావాలనే వెనక చక్రాల పట్టు తప్పిస్తాడు. కారు వెనక భాగం బయటికి జారుతుంది. అది గిరగిరా తిరిగిపోకుండా స్టీరింగును మలుపుకు ఎదురుదిక్కుకు తిప్పి పట్టుకుంటాడు. జపాన్ కొండదారుల్లో ఈ విద్య సాధన చేసినవాళ్లలో కెయిచి సుచియా పేరు ప్రసిద్ధం. తరువాత డీ1 గ్రాండ్ ప్రీ పోటీలు వచ్చాక ఆయనే జడ్జిగా కూర్చున్నాడు. ఇప్పుడీ పోటీలన్నీ మూసిన ట్రాకుల మీదే. మామూలు రోడ్డు మీద చేస్తే ప్రాణాలకే ముప్పు.

మొదట ఒక్కొక్క కారూ విడిగా పరుగు తీస్తుంది. సాధారణంగా 100 మార్కులు. జడ్జీలు మూడు విషయాలు చూస్తారు. మొదటిది దారి: ట్రాకు మీద గుర్తులు పెడతారు, కొన్నిచోట్ల కారు ముక్కు, కొన్నిచోట్ల వెనక చక్రాలు వాటి దాకా వెళ్లాలి. రెండోది కోణం: కారు ఎంత అడ్డంగా జారింది. మూడోది శైలి: తడబాటు లేకుండా, వెనకాడకుండా నడిపాడా. కారు గిర్రున తిరిగిపోతే ఆ పరుగు లెక్కలోకి రాదు.

డీ1లో ఒంటరి పరుగుకు కారులో పరికరం పెట్టి వేగాన్నీ కోణాన్నీ కొలుస్తున్నారు. అందువల్ల అక్కడ పేచీ కొంత తగ్గుతుంది.

అసలు చిక్కు జంట పరుగులో ఉంది. ఇద్దరు ఒకేసారి దిగుతారు. ముందున్నవాడు గుర్తుల ప్రకారం సరైన దారిలో పోవాలి. వెనకవాడు నీడలాగా అంటిపెట్టుకుని, అదే కోణంలో జారాలి. దూరం పెరిగితే నష్టం, తగిలితే ఇంకా నష్టం. తరువాత స్థానాలు మార్చుకుని మళ్లీ పరుగెడతారు. ఇద్దరూ రెండు పనులూ చేయాలి కాబట్టి ఇది న్యాయమైన పద్ధతి అని నాకనిపిస్తుంది.

కార్లు తగిలినప్పుడు తప్పెవరిదో తేల్చడం కష్టం. వెనకవాడు గుద్దాడు కాబట్టి తప్పు వాడిదే అనుకుంటాం. కానీ ముందున్నవాడు ఉండకూడని చోట హఠాత్తుగా నెమ్మదించి ఉంటే? అప్పుడు తప్పు అతనిదే. అందుకే జడ్జీలు వీడియో వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ చూస్తారు. అమెరికాలోని ఫార్ములా డ్రిఫ్ట్‌లో ముగ్గురు జడ్జీలు ఎవరి ఓటు వాళ్లు వేస్తారు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడు తరువాతి రౌండుకు వెళతాడు. ఎవరికీ మెజారిటీ రాకపోతే "వన్ మోర్ టైమ్" అని ప్రకటిస్తారు. జనం కేకలు వేస్తారు, ఇద్దరూ మళ్లీ మొదటి గీత దగ్గరికి వస్తారు.