ఒంట్లో కొవ్వు ఎటు పోతుంది?

ఏకాదశి ఉపవాసం ఉన్న ముసలమ్మ పొద్దుగూకేదాకా ఇల్లు ఊడ్చి, గేదెకు కుడితి పెట్టి, భజనకు కూడా వెళ్లివస్తుంది. ఉదయం నుంచి మెతుకు ముట్టని మనిషికి అంత సత్తువ ఎక్కడిది? కొంత కాలేయంలో దాచినది, తక్కినది ఒంట్లో పేరుకున్న కొవ్వు.

తిన్న అన్నం, జొన్నరొట్టె అరిగి గ్లూకోజు అనే చక్కెరగా రక్తంలో కలుస్తాయి. అప్పటికి అక్కరలేనిదాన్ని కాలేయం సుమారు 100 గ్రాముల దాకా దాచుకుంటుంది. ఒక పగలూ ఒక రాత్రీ తిండి లేకపోతే అది దాదాపు ఖాళీ. కండరాల్లోనూ కొంత నిల్వ ఉంటుంది గాని, దాన్ని అవి ఇతర భాగాలకు ఇవ్వవు. అసలు గాదె కొవ్వే. గ్రాము పిండిపదార్థంలో 4 కాలరీలుంటే గ్రాము కొవ్వులో 9 ఉంటాయి. ఒంటిమీది కిలో కొవ్వు కాయకష్టం చేసే మనిషికి దాదాపు మూడు రోజుల ఇంధనం.

ఈ గాదె తలుపు ఇన్సులిన్ అధీనంలో ఉంటుంది. అన్నం తినగానే పొట్ట వెనుక ఉన్న క్లోమగ్రంథి నుంచి అది ఊరుతుంది. అది రక్తంలో దండిగా ఉన్నంతసేపు కొవ్వు బయటికి రాదు. కడుపు ఖాళీ అయి ఇన్సులిన్ తగ్గితే కొవ్వు విడిపోయి, కొవ్వు ఆమ్లాలుగా రక్తంలోకి వస్తుంది. గుండె, కండరాలు వాటిని మండించుకుంటాయి. మెదడుకు అవి పనికిరావు. అందుకే ఉపవాసం సాగితే కాలేయం వాటినుంచి కీటోన్లు తయారుచేసి మెదడుకు పంపుతుంది.

ఇలా మండగా కణాల్లో తయారయ్యే శక్తి పదార్థం పేరు ఏటీపీ. గడ్డపలుగు ఎత్తినా, కనురెప్ప వాల్చినా ఖర్చయ్యేది అదే. 1929లో కండరాల్లో దీన్ని కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అమెరికాలో ఫిస్కేతో కలిసి ఆయన, జర్మనీలో లోమన్ వేర్వేరుగా దీన్ని కనుగొన్నారు. మన పిల్లల్లో ఎందరికి ఈ సంగతి తెలుసో!

చెమటలో పోయేది నీరే

ఎండలో పరుగెత్తి, చెమట కార్చి, బరువు తగ్గామని సంబరపడేవారున్నారు. తగ్గింది నీరు. రెండు చెంబులు తాగితే మళ్లీ వస్తుంది. కొవ్వు ప్రాణవాయువుతో కలిసి మండి బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారుతుంది. 10 కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు ఊపిరిలోంచే పోతుందని, మిగతా 1.6 కిలోలు నీరవుతుందని 2014లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. అలాగని కూర్చుని గట్టిగా ఊపిరి వదిలితే లాభం లేదు. ఒళ్లు వంచితేనే ఆ మంట పెరుగుతుంది.

ఊపిరిలో పండువాసన

కొందరు పిల్లలకు క్లోమగ్రంథిలో ఇన్సులిన్ ఊరడమే ఆగిపోతుంది. అప్పుడు రక్తంలో చక్కెర నిండుగా ఉన్నా కణాలకు అందదు. కొవ్వు గాదె తలుపు మూసేవారు ఉండరు. కొవ్వు విచ్చలవిడిగా కరిగి, కీటోన్లు పోగుపడి రక్తం ఆమ్లమవుతుంది. పిల్లవాడు కడవల కొద్దీ నీళ్లు తాగుతాడు, మాటిమాటికీ మూత్రానికి లేస్తాడు, బాగా తింటున్నా చిక్కిపోతాడు. ఆ తర్వాత వాంతులు, కడుపునొప్పి, ఎగఊపిరి మొదలవుతాయి. ఊపిరిలో మగ్గిన పండువాసన వస్తుంది. గాలి సోకిందని తాయెత్తు కట్టించడం, అజీర్ణమని సోడా తాగించడం ఇలాంటప్పుడే ప్రాణం మీదికి తెస్తాయి. ఇది గంటల్లో ముదిరే జబ్బు. వెంటనే ఆసుపత్రికి చేర్చి, వేలి చివర రక్తపుచుక్కతో చక్కెర పరీక్ష చేయించాలి. సెలైను, ఇన్సులిన్ సకాలంలో ఎక్కితే పిల్లలు కోలుకుంటారు.

1922కు ముందు ఈ జబ్బుకు మందు లేదు. ఆ ఏడాది జనవరిలో కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల బాలుడికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. ఆ తర్వాత అతడు మరో 13 ఏళ్లు బతికాడు.

ఇన్సులిన్ వాడుతున్న పిల్లల ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. జ్వరమొచ్చి అన్నం తినలేదు కదా అని సూది మానేస్తారు. జ్వరంలో ఒంటికి ఇన్సులిన్ అవసరం తరచూ పెరుగుతుంది. మోతాదు ఎంతన్నది డాక్టరును అడగాలి గాని సూది పూర్తిగా ఆపకూడదు. చక్కెర వ్యాధి ఉన్న పెద్దలు కూడా ఏకాదశికైనా, రంజానుకైనా ఉపవాసానికి ముందే డాక్టరును కలిసి మందుల వేళలు మార్పించుకోవాలి.