అన్నీ ఒకే దోమలు కావు!

దీపాలు పెట్టే వేళకు తలుపులు, కిటికీలు మూసేస్తారు. మంచాలకు దోమతెరలు కడతారు. అయినా చెవి దగ్గర ఆ రొద తప్పదు. ఇంట్లో ఎవరికైనా చలిజ్వరం వచ్చిందంటే "పాడు దోమలు!" అని అన్నిటినీ కలిపి తిట్టేస్తాం. ఆ తిట్టులో చిన్న పొరపాటు ఉంది. మీ ఇంట్లో తిరిగే దోమలన్నీ మలేరియా తేవు. చాలా రకాలకు ఆ శక్తే లేదు. తెచ్చేది ఏదో, తేనిది ఏదో ఒక్కోసారి భూతద్దం పెట్టి చూసినా తెలియదు. ఆ తేడా తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు ఈనాడు దోమ డి.ఎన్.ఏ.ని చదువుతున్నారు. దోమ వంశవృక్షంతో మనకేం పని అంటారా? పని ఉంది. కాస్త ఓపికగా చదవండి.

సికింద్రాబాదులో దొరికిన దోమ

రోనాల్డ్ రాస్ పేరు మీరు వినే ఉంటారు. సైన్యంలో వైద్యుడైన ఈయన 1895 నుంచి రెండేళ్ళపాటు దోమలను మలేరియా రోగుల చేత కుట్టించి, వాటి పొట్టలు కోసి సూక్ష్మదర్శినిలో వెదికాడు. ఏమీ కనిపించలేదు. కారణం తరువాత తెలిసింది. ఆయన పట్టుకున్నవి మలేరియా మోయని రకాలు! చివరకు 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో, రెక్కల మీద మచ్చలున్న మరో రకం దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అంటే దోమ మారితే ఫలితం మారుతుందని మొదట తెలిసింది మన ఊళ్ళోనే.

ఆ మచ్చల రెక్కల దోమలనే అనాఫిలిస్ దోమలంటారు. మనిషికి మలేరియా తెచ్చేవి ఇవే. అందులోనూ ఆడదోమలే, ఎందుకంటే గుడ్లు పెట్టడానికి రక్తం కావలసింది వాటికే. వీటిని మీరు కూడా గుర్తుపట్టవచ్చు. గోడ మీద వాలినప్పుడు మామూలు దోమ ఒళ్ళు గోడకు సమాంతరంగా ఉంటుంది. అనాఫిలిస్ మాత్రం తల వంచి, తోక పైకెత్తి, మేకు దిగగొట్టినట్టు ఏటవాలుగా కూర్చుంటుంది. నీళ్ళలో దీని పిల్లపురుగు నీటిపైన పడుకున్నట్టు తేలుతుంది. ఇతర దోమల పిల్లపురుగులు తలకిందులుగా వేలాడతాయి.

ఇంతవరకు కంటికి తెలుస్తుంది. అసలు చిక్కు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

పశువును కుట్టేది, మనిషిని కుట్టేది

ఐరోపాలో కొన్ని ప్రాంతాల్లో అనాఫిలిస్ దోమలు గుంపులుగా ఉండేవి, మలేరియా మాత్రం ఉండేది కాదు. పక్క ప్రాంతంలో అదే దోమ, ఊరంతా మలేరియా. ఎందుకిలా? ఏళ్ళ తరబడి ఎవరికీ అంతుబట్టలేదు. 1926లో ఇటలీలో ఫాలెరోని అనే ఆరోగ్యశాఖ ఉద్యోగి దోమలను వదిలి వాటి గుడ్లను పరిశీలించాడు. దోమలు అచ్చం ఒకేలా ఉన్నా, గుడ్ల మీద చారలు, మచ్చలు వేరువేరుగా ఉన్నాయి. ఒకే జాతి అనుకున్నది నిజానికి కొన్ని జాతుల కుటుంబం. వాటిలో కొన్నిటికి పశువుల రక్తం ఇష్టం. కొన్నిటికి మనిషి రక్తం ఇష్టం. మలేరియా తెచ్చేవి ఈ రెండో రకాలు.

తెల్లనివన్నీ పాలు కావని మన పెద్దలు ఊరికే అనలేదు.

మన పంటకాలువల కథ

మనదేశంలో సుమారు 60 రకాల అనాఫిలిస్ దోమలున్నాయి. మలేరియాను ప్రధానంగా వ్యాపింపజేసేవి ఆరు. వాటిలో పల్లెటూళ్ళకు పెద్ద శత్రువు క్యూలిసిఫేసిస్ అనే దోమ. పంటకాలువలు, వాగుల్లో మిగిలిన నీటి గుంటలు, బావులు దీని పుట్టిళ్ళు. పగలంతా పశువుల కొట్టంలో విశ్రాంతి తీసుకుంటుంది. దీన్నీ చాలాకాలం ఒకే జాతి అనుకున్నారు. 1980లో గ్రీన్, మైల్స్ అనే శాస్త్రజ్ఞులు దీని క్రోమోజోముల మీది అడ్డచారలను పోల్చి చూసి, ఇవి రెండు జాతులని చెప్పారు. వాటికి 'ఎ', 'బి' అని పేర్లు పెట్టారు. తరువాత ఢిల్లీలోని మలేరియా పరిశోధన కేంద్రంలో డాక్టర్ సరళా సుబ్బారావు, ఆమె సహచరులు 'సి', 'డి' జాతులను కనుగొన్నారు. నలుగురూ ఒకే పోలిక. గుణాలు మాత్రం వేరు. మనదేశంలో 'బి' జాతి దాదాపుగా పశువులనే కుడుతుంది, మలేరియాను మోయడంలో చాలా బలహీనం. మిగిలినవి మోస్తాయి.

అయితే రామేశ్వరం దీవిలో ఒక వింత కనిపించింది. క్రోమోజోముల చారలు చూస్తే అక్కడివన్నీ పాపం ఎరుగని 'బి' దోమలే. మరి మలేరియా ఎక్కడి నుంచి వస్తోంది? ఆడదోమల సంతానంలో మగవాటి 'వై' క్రోమోజోమును పరీక్షిస్తే అది రెండు ఆకారాల్లో ఉంది. 'బి' చాటున మరో జాతి దాగి ఉంది! 1999లో దానికి 'ఇ' అని పేరు పెట్టారు. అక్కడ మనుషులను కుట్టి మలేరియా తెస్తున్నది అదే. గోముఖ వ్యాఘ్రం అంటే ఇదే కదూ!

దోమ కాలు చెప్పే సాక్ష్యం

క్రోమోజోముల పరీక్షలో ఒక ఇబ్బంది ఉంది. రక్తం తాగి, కడుపులో గుడ్లు సగం ఎదిగిన ఆడదోమే దానికి కావాలి. చచ్చి ఎండిపోయిన దోమతో ఆ పని జరగదు. డి.ఎన్.ఏ. పరీక్షకు ఈ బాధ లేదు. ఆడదైనా మగదైనా, పిల్లపురుగైనా, ఎండిన దోమ కాలు ఒక్కటైనా చాలు.

ప్రాణుల శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ డి.ఎన్.ఏ. అనే పొడవాటి దారం ఉంటుంది. ఆ దారం మీద ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో వంశ లక్షణాలన్నీ రాసి ఉంటాయి. రెండు జాతులు పైకి ఒకేలా ఉన్నా, ఈ రాతలో ఎక్కడో ఒకచోట తేడా ఉంటుంది. దోమ కాలిలో ఉండే డి.ఎన్.ఏ. అతి స్వల్పం. చదవాలంటే పెంచాలి. 1983లో కేరీ మల్లిస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన పి.సి.ఆర్. పద్ధతి ఈ పని చేస్తుంది. కోవిడ్ రోజుల్లో ఈ పేరు ఇంటింటా వినిపించింది. వేడి చేయడం, చల్లార్చడం, మళ్ళీ వేడి చేయడం. ఒక్కొక్క విడతకు కావలసిన డి.ఎన్.ఏ. ముక్క రెట్టింపవుతుంది. లెక్క ప్రకారం 30 విడతలకు ఒకటి 107 కోట్లు అవుతుంది!

ఆ ముక్కలను ఒక జిగురు పలక మీద వేసి విద్యుత్తు పంపిస్తే, పొట్టివి ముందుకు పరుగెడతాయి, పొడుగువి వెనుకబడతాయి. ఆగినచోట గీతలు పడతాయి. ఆఫ్రికాలోని గాంబియే కుటుంబపు దోమలను ఇలాగే విడదీస్తారు. గాంబియే దోమ ముక్క పొడవు 390 అక్షరాల జతలు, దాని తోబుట్టువు అరాబియెన్సిస్ ముక్క పొడవు 315. గీత ఎక్కడ పడిందో చూస్తే దోమ ఏదో తేలిపోతుంది. మన క్యూలిసిఫేసిస్ కుటుంబానికి కూడా ఇటువంటి పరీక్షలు వచ్చాయి.

దీనివల్ల లాభమేమిటంటే, శత్రువు ఎక్కడ ఉందో తెలుస్తుంది. ఇంట్లో గోడల మీద వాలే జాతి అయితే గోడలకు మందు కొట్టడం ఫలిస్తుంది. ఆరుబయట కుట్టి ఆరుబయటే ఉండిపోయేదైతే గోడకు కొట్టిన మందు వృథా. ఒక జాతి ఒక మందుకు లొంగుతుంది, దాని తోబుట్టువు లొంగకపోవచ్చు. ఏ జాతి అని తెలియకుండా మందు కొట్టడం, ఏ జ్వరమో తెలియకుండా మాత్ర మింగడం లాంటిదే.

మన మిద్దె మీది దోమ

ఇక పట్టణాల్లో ఉన్నవారు శ్రద్ధగా వినవలసిన సంగతి. మన నగరాల్లో మలేరియా తెచ్చేది స్టీఫెన్సి అనే అనాఫిలిస్. దీనికి మురుగు కాలువ అక్కర్లేదు. మీరు తాగే మంచినీరే దీనికి ఇష్టం. మిద్దె మీది ట్యాంకు, నేలలోని సంపు, వాడని బావి, ఇల్లు కట్టేచోట నీళ్ళ తొట్టి, ఇవే దీని కాపురాలు.

ఈ దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో బయటపడింది. ఆ ఏడు ఆ చిన్న దేశంలో నమోదైన మలేరియా కేసులు 27. 2020 నాటికి అవి 73,000 దాటాయి. 2016లో పక్కనున్న ఇథియోపియాలో పట్టిన దోమలు కూడా ఇవేనని డి.ఎన్.ఏ. పరీక్షలో రూఢి అయింది. ఆఫ్రికాలో మలేరియా ప్రధానంగా పల్లెల జబ్బు. పట్టణంలో పెరిగే ఈ దోమ వచ్చేసరికి అక్కడి లెక్కలు తారుమారయ్యాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దీని వ్యాప్తిని ఆపడానికి ప్రత్యేక కార్యక్రమం చేపట్టింది. మూత లేని ట్యాంకు ఎంత పని చేస్తుందో చూశారా?

మీరు చేయవలసినది

డి.ఎన్.ఏ. పరీక్ష ప్రయోగశాలవారి పని. మన పని వేరే ఉంది.

ట్యాంకుకు, సంపుకు సందు లేని మూత ఉండాలి. మూత పగిలితే ఈరోజే మార్పించండి. గాలిగొట్టానికి సన్నని వలగుడ్డ కట్టండి. మన ఎండలకు గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కనుక తొట్లు, కూలర్లు, కుండీల కింది పళ్ళాలు వారానికొకసారి ఖాళీ చేసి, రుద్ది, ఆరబెట్టండి. ఊరికే నీళ్ళు పారబోస్తే చాలదు. వాడని బావి ఉంటే, గంబూసియా చేపల కోసం మీ ఊరి మలేరియా సిబ్బందిని అడగండి. రాత్రి దోమతెర మానకండి. పసిపిల్లలకు, గర్భిణులకు అది మరీ అవసరం.

చలితో జ్వరం వస్తే "మా ఇంట్లో అంత దోమలేం లేవే" అని సరిపెట్టుకోకండి. కుట్టిన దోమ ఏ జాతిదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. వెంటనే రక్తపరీక్ష చేయించండి. మలేరియా అని తేలితే డాక్టరు చెప్పినన్ని రోజులూ మందు వాడండి. వైవాక్స్ రకం మలేరియా క్రిమి కాలేయంలో దాక్కుని, కొన్ని నెలల తరువాత కూడా మళ్ళీ జ్వరం తెస్తుంది. జ్వరం తగ్గిందని మధ్యలో మాత్రలు మానేసేవారే ఎక్కువగా మోసపోతారు. పాత చీటీ చూసి సొంతంగా మందులు కొనడం కూడా తగదు. ఒక రకం మలేరియాకు రాసిన మందు వేరొక రకానికి సరిపోకపోవచ్చు, గర్భిణులకు కొన్ని మందులు అసలు పనికిరావు.

దోమ జాతిని శాస్త్రజ్ఞులు తేలుస్తారు. ట్యాంకు మూత మాత్రం మీరే వేయాలి. ఈ ఆదివారం ఒకసారి మిద్దె ఎక్కి చూడండి.